ఊరి లెక్క అడిగితే ‘ఏ పార్టీ?’ అంటున్నారు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో చిన్న ఊరు. మా ఎస్సీ కాలనీలో మోరీ సగం కట్టి రెండేళ్లకు పైగా వదిలేశారు. బొడ్రాయి నుంచి బడి దాకా వేసిన సీసీ రోడ్డు ఒక్క వానాకాలానికే పగిలింది. 2025 డిసెంబర్ ఎన్నికల్లో ఒక అక్క సర్పంచ్‌గా గెలిచింది గానీ ఏం అడిగినా ఆమె భర్తే జవాబు చెప్తడు. గ్రామసభలో లెక్క అడిగితే ‘నిన్ను ఏ పార్టీవాళ్లు పంపిండ్రు?’ అన్నారు. సెక్రటరీ సారేమో ‘అంతా ఆన్‌లైన్‌ల ఉంది, చూసుకో’ అంటడు. మేం పది మందిమి ఉన్నాం, అందరం ఒకే పార్టీకి ఓటేసినవాళ్లం కాదు. ఎవరి పక్షమూ కాకుండా ఊరి లెక్కలు ఎట్లా అడగాలె? సంఘం రిజిస్టర్ చేయించుకోవాలా? — డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు

సమాధానం: ‘ఏ పార్టీ?’ అన్నదానికి గ్రామసభలో నోటితో జవాబు చెప్పబోతే మీకిచ్చిన ఐదు నిమిషాలూ అందులోనే పోతాయి. ఆ జవాబు మీరు అడిగే కాగితంలో కనిపించాలి. ఎవరి హయాం లెక్క అడిగారు, ఎవరిది వదిలేశారు అన్నది చూసి ఊరే తేల్చుకుంటుంది.

అందుకని ఇప్పటి సర్పంచ్ లెక్క ఒక్కటే అడగకండి. మీ ఊళ్లో ఈ మధ్య మూడు పాలనలు నడిచాయి. 2019 జనవరి ఎన్నికల్లో గెలిచిన పాలకవర్గం గడువు 2024 జనవరి నెలాఖరుకు ముగిసింది. అక్కణ్నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ప్రత్యేక అధికారుల పాలన. ఇప్పుడు కొత్త పాలకవర్గం. ఈ మూడింటికీ ఒకే కాగితం మీద ఒకే ప్రశ్నలు పెట్టండి. పాత సర్పంచ్ మనుషులు నొచ్చుకుంటారు, కొత్త సర్పంచ్ మనుషులూ నొచ్చుకుంటారు. ఇద్దరూ నొచ్చుకున్నారంటే మీరు సరిగ్గా అడిగినట్టే. సర్పంచ్, వార్డు మెంబర్ల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవన్న సంగతి కూడా సభలో ఒకసారి నెమ్మదిగా గుర్తు చేయండి. ఎంపీటీసీ, జడ్పీటీసీలకు పార్టీ గుర్తులుంటాయి, పంచాయతీకి ఉండవు. వెనక ఎవరు నిలబడ్డారో అందరికీ తెలిసినా గెలిచాక ఆ కుర్చీ ఊరిది.

మీ మోరీ సరిగ్గా ఈ పాలనలు మారే సంధిలోనే ఆగినట్టుంది. ఎవరో తిన్నారని ముందే అనుకోకండి. ఆగడానికి మూడు నాలుగు కారణాలు ఉండొచ్చు. చేసిన పనికి బిల్లు రాక పాత సర్పంచో, కాంట్రాక్టరో చేతులెత్తేసి ఉండొచ్చు. 2019లో గెలిచిన సర్పంచ్‌లు చాలామంది పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కిన సంగతి మీకు తెలిసిందే. ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు కేంద్రం ఆర్థిక సంఘం సిఫారసుతో పంచాయతీలకిచ్చే నిధులు ఆపుతుంది కాబట్టి డబ్బే రాకపోయి ఉండొచ్చు. మోరీ పోయే దారిలో ఎవరి జాగానో అడ్డం వచ్చి ఉండొచ్చు. లేదా పూర్తయినట్టు ఎం-బుక్‌లో (ఇంజినీరు కొలతలు రాసే పుస్తకం) రాసి బిల్లు ఎత్తి ఉండొచ్చు. ఈ నాలుగింటికీ మందు వేర్వేరు. ఏది నిజమో కాగితం చూస్తే తప్ప తెలియదు.

కాగితం ఎక్కడుంటుందన్నది తర్వాతి సంగతి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఊళ్లో కనిపించే పనులన్నీ పంచాయతీవి కావు. సీసీ రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ నిధుల్లో పడి ఉండొచ్చు, ఎమ్మెల్యే నిధుల్లో పడి ఉండొచ్చు, ఎస్సీ ప్రత్యేక ప్రగతి నిధి కింద రావొచ్చు, మండల పరిషత్తో జడ్పీయో ఇచ్చి ఉండొచ్చు. పంచాయతీ డబ్బు కాకపోతే సెక్రటరీ దగ్గర ఆ ఫైలు ఉండదు. ఆయన ‘నాకు తెల్వదు’ అంటే అది అబద్ధం కాకపోవచ్చు కూడా. ముందు పని దగ్గర శిలాఫలకమో, బోర్డో ఉందేమో చూసి ఫొటో తీసుకోండి. దాని మీద పథకం పేరు, అంచనా మొత్తం ఉంటే సగం పని తీరినట్టే. బోర్డు లేకపోతే ‘ఈ పని ఏ పద్దు కింద మంజూరైంది, ఎవరు చేశారు’ అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. రోడ్లు, మోరీల అంచనా, కొలతలు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర, ఆయన పైన డీఈ (డిప్యూటీ ఇంజినీరు) కార్యాలయంలో ఉంటాయి.

‘ఆన్‌లైన్‌ల ఉంది’ అన్న సెక్రటరీ మాటలో కొంత నిజం ఉంది. ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే సంవత్సరం వారీగా రెండు చూడొచ్చు: గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఏ పనులు పెట్టారు, ఏ వోచర్ కింద ఎంత చెల్లించారు. ‘మేరీ పంచాయత్’ యాప్‌లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఇక్కడ జనం రెండు పొరపాట్లు చేస్తారు. ప్రణాళికలో ఉన్న పనిని మంజూరైన పనిగా చదివి ‘పది లక్షలు మింగారు’ అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. ప్రణాళిక అంటే ఊరు కోరుకున్న పనుల జాబితా మాత్రమే, డబ్బు వచ్చినట్టు కాదు. రెండోది, అక్కడ కనిపించిందే మొత్తం ఖర్చు అనుకుంటారు. ప్రధానంగా కనిపించేవి ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు. ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయం, రాష్ట్రం ఇచ్చే డబ్బు తెలియాలంటే పంచాయతీ క్యాష్‌బుక్ చూడాల్సిందే. 2021-22 నుంచి 2025-26 దాకా వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధులకు ఒక కట్టుబాటు ఉంది: 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలి, మిగతా 40 శాతం ఊరి ఇతర అవసరాలకు వాడొచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. మోరీ పారిశుద్ధ్యం కిందికే వస్తుంది. ‘మోరీకి డబ్బుల్లేవు’ అన్నప్పుడు ఆ 60 శాతం దేనికి పోయిందని అడగొచ్చు.

వెబ్‌సైట్‌లో దొరికింది రాసుకున్నాక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఇది పౌరుడి హక్కు కాబట్టి సంఘం పేరుతో కాకుండా మనిషి పేరుతో పెట్టాలి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, వాళ్లు అడగకూడదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించినా, పోస్టల్ ఆర్డర్ జతచేసినా సరిపోతుంది. ఏ4 నకలు పేజీకి 2 రూపాయలు. పంచాయతీలో సమాచార అధికారి కార్యదర్శే.

‘ఎందుకు ఆపారు’, ‘ఎవరు బాధ్యులు’ అని రాయకండి. రికార్డులో ఉన్నది ఇవ్వడమే ఆ అధికారి బాధ్యత, కారణాలు తయారుచేసి చెప్పడం కాదు. ‘పదేళ్ల మొత్తం ఖర్చు వివరాలు ఇవ్వండి’ అని కూడా రాయకండి. సిబ్బంది సమయమంతా దీనికే పోతుందని చెప్పి అడిగిన రూపంలో ఇవ్వకుండా ఉండేందుకు చట్టంలో వీలుంది. ఇట్లా రాస్తే సరిపోతుంది:

‘సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మా గ్రామం ఎస్సీ కాలనీ మురుగు కాలువ పనికి సంబంధించి: ఒకటి, గ్రామ పంచాయతీ తీర్మానం, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, అంచనా, అగ్రిమెంటు నకళ్లు. రెండు, ఈ పని నమోదైన ఎం-బుక్ పేజీల నకళ్లు. మూడు, ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు, వోచర్ల నకళ్లు. చెల్లించాల్సినవి ఉంటే ఆ బిల్లుల నకళ్లు. నాలుగు, 2019 ఫిబ్రవరి 1 నుంచి నేటి వరకు పంచాయతీ క్యాష్‌బుక్, తీర్మానాల పుస్తకం, ఆడిట్ నివేదికలను కార్యాలయంలో స్వయంగా చూడటానికి తేదీ, సమయం తెలియజేయగలరు. ఈ సమాచారం మీ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి నాకు తెలపగలరు.’

రోడ్డుకు ఇంకో దరఖాస్తు విడిగా, ఇంకొకరి పేరుతో పెట్టండి. రెండు పనులు ఒకే కాగితంలో కలిపితే ఒకదాని ఆలస్యం రెండోదానికీ అంటుకుంటుంది.

నాలుగో అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. నకళ్ల కంటే పుస్తకం కళ్లతో చూడటం ఎక్కువ పనికొస్తుంది. ఆ హక్కు చట్టం సెక్షన్ 2(జె)లోనే ఉంది. మొదటి గంటకు రుసుము లేదు, తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. ఇద్దరు వెళ్లండి: ఒకరు చదవాలి, ఒకరు రాసుకోవాలి. రాష్ట్ర ఆడిట్ శాఖ పంచాయతీల లెక్కలు తనిఖీ చేసి అభ్యంతరాలు రాస్తుంది. ఆ నివేదిక దొరికితే చాలాసార్లు మీరు వెతుకుతున్నది అప్పటికే ఒక ప్రభుత్వ అధికారి రాతలో ఉంటుంది. దాన్ని గ్రామసభలో చదివితే ‘మీది పార్టీ ఆరోపణ’ అనడం ఎవరికీ కుదరదు.

దరఖాస్తు చేతికి తీసుకోకపోతే వాదన పెట్టుకోవద్దు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. బదిలీ అయితే ఇంకో ఐదు రోజులు. మధ్యలో ‘నకళ్లకు ఇంత కట్టండి’ అని లెక్కతో ఉత్తరం వస్తే మీరు కట్టేదాకా గడువు ఆగుతుంది, అందుకే వెంటనే కట్టేయండి. 30 రోజుల్లో జవాబే రాకపోతే తర్వాత ఆ సమాచారం ఉచితంగా ఇవ్వాలి. గడువు దాటాక 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు నకలు, పోస్టు రసీదు జతచేసి ‘మొదటి అప్పీలు అధికారి’ అని రాస్తే చాలు. ఆ అధికారి ఎవరో జవాబు ఉత్తరంలోనో, కార్యాలయం బోర్డు మీదో ఉండాలి. లేకపోతే మండల పరిషత్ కార్యాలయంలో కనుక్కోండి. అక్కడ 30 రోజుల్లో, ఎక్కువంటే 45 రోజుల్లో తేల్చాలి. దాని తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దాకా పోతే చాలా ఆలస్యం అవుతుంది. 2023 నుంచి 2025 దాకా చాలాకాలం కమిషనర్లే లేక అప్పీళ్లు పేరుకుపోయాయి. అందుకే మొదటి అప్పీలును నామమాత్రంగా రాయకుండా, విచారణకు పిలిస్తే తప్పకుండా వెళ్లండి. మీరు ఎదురుగా కూర్చుంటే చాలా కాగితాలు ఆ రోజే బయటికొస్తాయి. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉందన్న సంగతి కార్యదర్శికి తెలుసు. దాన్ని బెదిరింపుగా వాడొద్దు.

లబ్ధిదారుల జాబితాలు అడిగితే ఈ మధ్య ఒక కొత్త అడ్డంకి వస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను మార్చారు, 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. పేర్లున్న ఏ కాగితమైనా ‘వ్యక్తిగతం’ అని నిరాకరించే వీలు పెరిగింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) మాత్రం అట్లాగే ఉంది, అప్పీలులో దాన్ని ఉదహరించండి. మోరీ, రోడ్డు కాగితాలకు ఈ గొడవ లేదు. మొదటి పనిగా వాటిని ఎంచుకోవడం మంచిదే.

కాగితం చేతికొచ్చాక టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లండి. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో మీ నల్లగొండ ఒకటి. సామాజిక తనిఖీలో ఎం-బుక్ కొలతలు చదివి పని దగ్గర సరిచూడటం ఎట్లాగో తెలిసిన మేట్లు (కూలీల గుంపు పెద్దలు), కూలీలు మీ ఊళ్లోనే ఉంటారు. వాళ్లలో ఇద్దర్ని వెంట తీసుకెళ్లండి, మీకంటే వేగంగా పట్టుకుంటారు.

లెక్క సులువే. అంచనాలో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉందనుకోండి. కాంక్రీటు 45 ఘనపు మీటర్లు. ఎం-20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు చొప్పున 360 బస్తాలు. మందం 10 సెంటీమీటర్లే పోసి ఉంటే 30 ఘనపు మీటర్లు, 240 బస్తాలే పడతాయి. పొడవు, వెడల్పు ఎవరైనా కొలుస్తారు కాబట్టి అక్కడ తేడా అరుదు. తేడా వచ్చేది మందంలో, సిమెంటు పాళ్లలో. మందం కోసం ప్రతి 10 మీటర్లకు రెండు అంచుల దగ్గరా మట్టి పక్కకు తీసి స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఒక్కచోట చూసి తేల్చేయొద్దు. అంచున పలకలు పెట్టి కాస్త ఎక్కువ పోసి మధ్యలో పలచగా లాగడం ఉంటుంది, దానికి విరుద్ధంగా అంచు ఒకచోట విరిగి సన్నగా కనిపించడమూ ఉంటుంది. రోడ్డును గునపంతో మీరు పగలగొట్టొద్దు, అది మీ మీదికే కేసుగా వస్తుంది. మధ్యలో మందం, కాంక్రీటు బలం తేల్చాల్సింది క్వాలిటీ కంట్రోల్ వాళ్లు, కోర్ (రోడ్డులోంచి గుండ్రంగా కోసిన ముక్క) తీసి.

పగుళ్లన్నీ అవినీతి కాదు. పోసిన కాంక్రీటుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన రకాలైతే 10 రోజులు నీళ్లు నిలపాలి. మన ఎండల్లో రెండు రోజులు తప్పినా పైపొర దుమ్ములా లేస్తుంది. సకాలంలో జాయింట్లు కోయకపోతే రోడ్డుకు అడ్డంగా పగుళ్లొస్తాయి. కింద మట్టి సరిగ్గా కుదించకపోతే పలక కుంగి విరుగుతుంది. మోరీ లేక వాన నీళ్లు అంచు కిందికి పోతే కూడా అంతే, మీ ఊళ్లో రెండు సమస్యలూ ఒకటే కావొచ్చు. ఏ పగులు ఎక్కడుందో బొమ్మ గీసి పెట్టుకోండి. అగ్రిమెంటులో లోపాలు సరిచేయాల్సిన గడువు ఎంతని రాశారో తప్పక చూడండి. ఆ గడువు లోపలే ఉంటే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. దాని కోసం పంచాయతీ కొత్తగా డబ్బు పెట్టక్కర్లేదు, గొడవా తగ్గుతుంది.

ఇక గ్రామసభ. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, మీరు అతిథి కాదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు. ఎంతమంది హాజరైతే సభ చెల్లుతుందో ఓటర్ల సంఖ్యను బట్టి నిర్ణయించి ఉంది. ఇక్కడ జరిగే పెద్ద లోపం సంతకాలది. సభ మొదలు కాకముందే ఖాళీ పేజీల్లో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు, తీర్మానాలు తర్వాత నింపుతారు. మీ పది మంది చేయాల్సిన మొదటి పని ఇది: తీర్మానం రాసి చదివి వినిపించాకే సంతకం పెడతామని నిలబడటం. ఏ రికార్డూ లేకుండానే ఈ ఒక్కటి చేయొచ్చు. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో పొద్దున 11 గంటలకు సభ పెడితే కూలికి పోయే ఆడవాళ్లు ఒక్కరూ రారు. సాయంత్రం పెట్టమని ముందే రాసివ్వండి. చాటింపు ఎస్సీ కాలనీ, తండా దాకా వచ్చిందో లేదో కనుక్కోండి.

ప్రశ్నలు సభలో అప్పటికప్పుడు లేపకుండా మూడు నాలుగు రోజుల ముందే రాసి కార్యదర్శికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఒక సభకు రెండు ప్రశ్నలు చాలు. అవి, వాటికి వచ్చిన జవాబు మినిట్స్‌లో (సభలో జరిగింది రాసే పుస్తకం) రాయించండి. రాయని జవాబుకు విలువ లేదు. ‘నిధులు రాగానే చేస్తాం’ అంటే ‘ఏ పద్దు, ఏ నెల’ అని అడిగి అదీ రాయించండి.

సర్పంచ్ అక్క సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. సభకు అధ్యక్షత వహించాల్సింది ఆమె, సంతకం ఆమెది, రేపు ఏ తప్పు తేలినా నోటీసు వచ్చేది ఆమె పేరు మీదే. భర్తతో గొడవకు దిగితే అది ఇంటి పరువు సమస్య అవుతుంది. కాగితం మీద ఆమె పేరే రాయండి. మీలో ఆడపిల్లలు, మహిళా సంఘం వాళ్లు సభకు ముందు ఆమె ఇంటికి వెళ్లి ప్రశ్నలు చదివి వినిపించండి. పాత హయాం లెక్కలు తన మీదికి రాకుండా చూసుకోవాలంటే ఆ పుస్తకాలు ఇప్పుడే తెప్పించుకుని చూడటం తనకే మంచిదని చెప్పండి. సభలో ‘సర్పంచ్ అక్కా, ఇది మిమ్మల్నే అడుగుతున్నాం’ అని ఆమె వైపే చూసి మాట్లాడండి. మధ్యలో ఆయన జవాబిస్తే ‘అన్నా, మినిట్స్‌లో అక్క జవాబు రాయాలె’ అంటే చాలు.

పక్షం లేకుండా ఉండటానికి కొన్ని కట్టుబాట్లు మీలో మీరు ముందే రాసుకోండి. సభ్యులు ఎవరికి ఓటేసినా వాళ్లిష్టం, గుంపు పేరు మీద ప్రచారం చేయకూడదు. ఎవరైనా పోటీకి దిగితే ఆ రోజే గుంపు నుంచి తప్పుకోవాలి. కాంట్రాక్టరు దగ్గరా, నాయకుల దగ్గరా పైసా తీసుకోవద్దు. నకళ్ల ఖర్చు తలా ఇంత వేసుకోండి, ఆ లెక్క కూడా గ్రూపులో పెట్టండి. దొరికిన కాగితాన్ని ముందు ఊరికి చూపండి. ఒక పార్టీ నాయకుడికి ముందుగా ఇచ్చారంటే మీ పేరు ఆ పార్టీ ఖాతాలో పడిపోతుంది. దరఖాస్తు వేసి డబ్బు తీసుకుని వెనక్కి తీసుకునేవాళ్లు చాలా మండలాల్లో ఉన్నారు. సమాచార హక్కుకు వాళ్లు చేసిన నష్టం అధికారులు చేసిన నష్టం కంటే తక్కువేం కాదు, రాజీకి పిలిస్తే ఒక్కరుగా వెళ్లకండి. మీ పది మందిలో అన్ని వాడలవాళ్లూ ఉండాలి. ఎస్సీ కాలనీ మోరీ గురించి కాలనీ వాళ్లే అడిగితే కుల గొడవ అంటారు, వాళ్లు లేకుండా మిగతావాళ్లు అడిగితే వాళ్ల మాట వాళ్లకు లేకుండా పోతుంది.

వాట్సాప్‌లో ‘తిన్నారు’, ‘దొంగలు’ అని రాయొద్దు. ‘ఎం-బుక్‌లో 15 సెంటీమీటర్లు, మేం 20 చోట్ల కొలిస్తే 9 నుంచి 11’ అని రాసి ఫొటోలు పెట్టండి. మొదటిది పరువు నష్టం కేసుకు దారి, రెండోదానికి జవాబు చెప్పాల్సింది వాళ్లు. బాగా జరిగిన పని కనిపిస్తే అదే గ్రూపులో అదే పద్ధతిలో రాయండి. ఒక్కరి పేరు మీదే అన్ని దరఖాస్తులూ పడకుండా చూసుకోండి, కాగితాల నకళ్లు ఊరి బయట కూడా ఒకచోట ఉంచండి. ఎవరైనా బెదిరిస్తే ఆ రోజే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

తేడా తేలినా గ్రామసభలో తెగకపోతే మండల పంచాయతీ అధికారికి, తర్వాత జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. ప్రజావాణి అర్జీలు తిరిగి తిరిగి మీరు ఎవరి మీద రాశారో వాళ్ల దగ్గరికే ‘విచారించి నివేదిక ఇవ్వండి’ అని రావడం మామూలే. అందుకే అర్జీలో ‘ఈ పనిని కొలిచిన ఇంజినీరు కాకుండా మరొక అధికారితో, గ్రామస్థుల సమక్షంలో కొలిపించండి’ అని స్పష్టంగా రాయండి. కోరిక ఒక్కటే ఉండాలి. అర్జీ నంబరు తీసుకోండి. సర్పంచ్ మీద చర్య తీసుకునే అధికారం కలెక్టరుకు ఉంది గానీ మొదటి అర్జీలోనే సస్పెన్షన్ అడగొద్దు. పని సరిచేయడం, డబ్బు రాబట్టడం అడగండి. ఎవరైనా లంచం అడిగితే అది వేరే దారి, ఏసీబీ టోల్‌ఫ్రీ 1064.

వీటన్నిటికీ ముందు ఊరందర్నీ ఒకచోట కూర్చోబెట్టాలనుకుంటే నీళ్లతో మొదలుపెట్టండి. మీ డివిజన్ చుట్టుపక్కల ఫ్లోరైడ్ బాధ తెలియని ఇల్లు ఉండదు. నల్లా నీళ్లలో, ఇంకా తాగుతున్న బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష ఫలితాలు అడగండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా పరిమితి. జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష కిట్లతో శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది, మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కోండి. ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే రాయమనండి. ఈ ప్రశ్న అడిగినవాళ్లను ఏ పార్టీ అని అడగడం కష్టం.

రిజిస్ట్రేషన్ సంగతి. ఇప్పుడు అవసరం లేదు. గ్రామసభలో ప్రశ్నకైనా, సమాచార హక్కు దరఖాస్తుకైనా, ప్రజావాణి అర్జీకైనా రిజిస్టరైన సంఘం అక్కర్లేదు. రిజిస్టర్ చేస్తే అధ్యక్షుడెవరన్న తగువు ముందొస్తుంది, ఏటా లెక్కలు, జాబితాలు దాఖలు చేసే పని మీద పడుతుంది. బ్యాంకు ఖాతా తెరిచి చందాలు తీసుకునే స్థితి వచ్చినప్పుడు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చేరితే చేసుకోవచ్చు. అప్పటిదాకా ఒక నోటుపుస్తకం చాలు: ఏ తేదీన ఏ కాగితం ఎవరికిచ్చారు, గడువు ఎప్పుడు, జవాబు ఏమొచ్చింది. దాన్ని పది మందిలో ఎవరు అడిగినా చూపండి.